చేతులు చూపించమనే దెయ్యం

విల్చి డోల్ ఊరి చివర, చెరువు మలుపు తిరగ్గానే, అవిసె నార ఆరబెట్టే పాత కొట్టు ఒకటుంది. దానికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక మగాడన్నవాడు ఆ మలుపు తిరగడు. కాలిపోయిన పెళ్లికూతురొకతె అక్కడ నిలబడి ఉంటుందట... మగవాళ్లని ఆపి, "ఏదీ, నీ చేతులు చూపించు" అంటుందట. చూపించిన చేతుల్ని వాసన చూస్తుందట. ఆ వాసనలో ఇంట్లో ఆడమనిషి ఏడుపు తగిలిందా — ఇక అంతే సంగతులు.

ఆడవాళ్లని మాత్రం ఏమీ అనదు. మర్యాదస్తురాలు.

నిజం చెప్పేస్తే ఏం పోయింది, ఆ పెళ్లికూతుర్ని పుట్టించింది మంత్రసాని లుద్విక. చలికాలం వచ్చిందంటే ఆడవాళ్లంతా ఒకచోట కూర్చుని బాతు ఈకల నూగు ఒలుచుకోవాలి కదా, దుప్పట్లకీ దిండ్లకీ. ఇళ్లల్లో కూర్చుంటే పొయ్యి పక్కన మొగుడో మామగారో చెవులు రిక్కించుకుని ఉంటాడు. ఇక నోరు విప్పే వీలెక్కడిది? అందుకని ఆవిడ ఓ దెయ్యాన్ని కల్పించి కొట్టుకి కాపలా పెట్టింది. జీతం బత్తెం అక్కర్లేని కాపలా.

లోపల రెండే కట్టుబాట్లు. మొదటిది, వంతులవారీగా కథ చెప్పాలి. కథలో ఎవరిని ఏం చేసినా, ఎవరిని చంపినా, బయటికెళ్లాక ఎవరూ ఎవర్నీ అడగకూడదు. రెండోది, తలుపు తెరుచుకుంటే కదలకూడదు. తల దించేసుకుని, ఊపిరి బిగబట్టి, ముందున్న నూగుని రెండు చేతులతో కప్పేసుకోవాలి. లేకపోతే సాయంత్రమంతా పడ్డ పాటు గాల్లో కలిసిపోతుంది.

రొజాలియా అక్కడికి వచ్చేది, ఒలిచేది, పోయేది. తన వంతు వచ్చినా కథ మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆమె కుడిచేతి రెండు వేళ్లు వంగవు. తలుపు సందులో పడ్డాయని చెప్పింది. ఆ తలుపు పేరు బ్లాజెయ్ అని, దానికే ఆమెని ఇచ్చి పెళ్లి చేశారని అందరికీ తెలుసు.

ఒక రోజు మధ్యాహ్నం బ్లాజెయ్ క్యాబేజీ పులుసు గిన్నె పక్కకి తోశాడు.

"ఇవాళ అక్కడికి వెళ్లావంటే నేనే వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తా. అందరి ముందూ ఈడ్చుకొస్తా. ఆ కొట్టుకి నిప్పెడతా. నాకు దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు."

అని సారా దుకాణానికి పోయాడు.

రొజాలియా గిన్నె కడిగి బోర్లించింది. ఇంటికి తాళం పెట్టి, ఈకల సంచీ భుజాన వేసుకుంది. భయం లేక కాదు. ఇవాళ ఆగిపోతే ఇక జన్మలో ఆ గడప దాటలేనని ఆమెకి తెలుసు. అందుకని వెళ్లింది.

చీకటి పడింది. లోపల దీపం. నూగు మంచుకుప్పల్లా పేరుకుంటోంది.

"ఇవాళ నేను చెప్తా" అంది రొజాలియా.

అందరి వేళ్లూ ఆగాయి.

"చెప్పు తల్లీ, ఎవరొద్దన్నారు" అంది రొట్టెలు కాల్చే కునెగుండా. "మొగుణ్ణి చంపే కథైతే మాత్రం తొందరగా చంపు. నాకు తెల్లారగట్ట పొయ్యి వెలిగించుకోవాలి."

కథ చెప్పేవాళ్ల చోటు బల్ల చివర, తలుపుకి ఎదురుగా. రొజాలియా వెళ్లి అక్కడ కూర్చుంది.

"ఒక ఊళ్లో ఒక మొగుడూ పెళ్లాం. వాడి చెయ్యి ఊరుకోదు..."

"ఏ ఊరో?" అని అడిగింది కునెగుండా.

"చాలా దూరంలే పిన్నీ."

"ఊఁ."

"ఓ చలికాలం సాయంత్రం వాడు చెరువు మీద నడిచొస్తున్నాడు. మంచు పెళుక్కుమంది. వాడు పోయాడు."

"హమ్మయ్య" అంది కునెగుండా.

"పోయిన సంగతి వాడికే తెలీదు—"

తలుపు తెరుచుకుంది.

తలలన్నీ వంగిపోయాయి. చేతులన్నీ నూగు మీదికి పోయాయి. ఊపిరి చప్పుడు కూడా లేదు.

గుమ్మంలో బ్లాజెయ్.

తల మీద టోపీ లేదు. ముఖం సున్నం కొట్టినట్టుంది. సూటిగా ఆమెనే చూస్తున్నాడు.

"పదవే... ఇంటికి."

రొజాలియా లేవబోయింది కూడా... అలవాటు. అప్పుడు లుద్విక, వంచిన తల ఎత్తకుండానే, గొణిగినట్టు అడిగింది.

"ఊఁ... తర్వాత?"

అది చాలు. ఎంతమంది తనని కాపాడుతున్నారో చూడు! ఒక్కరూ వాడికేసి చూడటం లేదు, వాడొచ్చినట్టే లేదు వాళ్లకి! రొజాలియా మళ్లీ కూర్చుంది.

"పోయిన సంగతి వాడికి తెలీదు" అంది, గుమ్మంలోకే చూస్తూ. "గుమ్మంలోకొచ్చి పెళ్లాన్ని రమ్మన్నాడు. ఎవరూ తలెత్తలేదు."

"ఏంటే... ఏంటా మాటలు?" అన్నాడు బ్లాజెయ్. చుట్టూ చూశాడు. "లుద్వికత్తా..." అని పిలిచాడు. ఒక్క తలా లేవలేదు.

"అత్తని పిలిచాడు. అత్త పలకలేదు."

"రొజాలియా... చలేస్తోందే."

"చలేస్తోంది అన్నాడు." ఆమె ఆగలేదు. "ఆవిడకీ చాలా సార్లు చలేసింది. బయట మంచులో నిలబెట్టి గడియ పెట్టిన రాత్రులు. అప్పుడు వాడు తలుపు తియ్యలేదు."

గాలికి దీపం రెపరెపలాడింది.

"మరి... ఆవిడ ఏమంది?" అని గుసగుసగా అడిగాడు బ్లాజెయ్.

పెళ్లైనప్పట్నించీ వాడు ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది.

"'నేను రాను' అంది. 'నువ్వు పో' అంది."

గుమ్మం ఖాళీ అయింది. ఎవరో పాక్కుంటూ వెళ్లి తలుపు మూశారు. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు.

"ఓయమ్మో, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఈ నోరు!" అంది కునెగుండా. "నా వీపు మీద చీమలు పాకినట్టైంది. వాడు నిజంగా గుమ్మంలో ఉన్నట్టే చెప్పావు కదే!"

రొజాలియా లుద్విక చెయ్యి పట్టుకుంది. కళ్లనీళ్లు ఆగడం లేదు.

"మీరు తలెత్తకుండా ఉండబట్టి బతికానత్తా. లేకపోతే ఈడ్చుకుపోయేవాడు."

"ఎవరే?"

"ఎవరేంటత్తా... మా ఆయన. అంత గట్టిగా నిన్ను పిలిచాడు కదా."

లుద్విక ఆమె నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

అప్పుడే బయట అడుగుల చప్పుడు. తలుపు తోసుకుని మగాళ్లు లోపలికొచ్చారు — ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, సగానికి సగం కళ్లు మూసుకుని. ముందున్నవాడు సారా దుకాణం వింసెంటి. నూగంతా గాల్లోకి లేచింది. ఎవరూ తిట్టలేదు.

"రొజాలియమ్మా" అన్నాడు వింసెంటి. టోపీ తీశాడు. "చీకటి పడే ముందు... బ్లాజెయ్ చెరువులో పడిపోయాడమ్మా. మంచు విరిగింది. తాళ్లేసి తీశాం గానీ, అప్పటికే అయిపోయింది. బాటన పొమ్మంటే వినలేదు. దెయ్యానికి భయపడి కాదట, చెరువు మీదుగా అయితే దగ్గరట."

"దగ్గరేంటి, అది చుట్టు" అంది కునెగుండా.

వింసెంటి నేల చూపులు చూశాడు.

"మరి ఇప్పుడా చెప్పడం?" అని లుద్విక అడిగింది.

"ఇంటికెళ్తే తాళం. ఇక్కడికొద్దామంటే..." చేతులు వెనక దాచుకున్నాడు. "పొద్దుగూకినప్పట్నించీ ఆ మలుపులోనే నిలబడ్డాం. ఎవరు ముందు నడవాలో తేలక. ఈ గుమ్మం మీదే కళ్లన్నీ."

"ఎవరైనా లోపలికొచ్చారా?"

"పిట్ట కూడా రాలేదు. తలుపు మాత్రం ఒకసారి... దానంతటదే తెరుచుకుంది. అప్పుడైతే మా కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి."

నూగు మెల్లగా టోపీల మీదా భుజాల మీదా వాలుతోంది.

లుద్విక రొజాలియా చెవిలోకి వంగింది. "ఏడవ్వే అమ్మాయ్. మగాళ్లు చూస్తున్నారు."

రొజాలియా ఏడవలేదు. మగాళ్ల వెనక, అందరికంటే చివర, గుమ్మం బయటికి చూస్తోంది. అక్కడ బ్లాజెయ్ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, వణుకుతూ, లోపలికి రమ్మంటారేమోనని ఎదురుచూస్తున్నాడు.

"రానని చెప్పానా?" అంది.

"ఒకసారి వచ్చి చూడాలి కదమ్మా" అన్నాడు వింసెంటి, తననే అన్నదనుకుని.

ఆమె మగాళ్లందర్నీ పక్కకి జరుపుకుంటూ గుమ్మం దాకా నడిచింది. వంగని రెండు వేళ్లతోనే గడియ అందుకుంది. వాడి ముఖం మీదే తలుపు మూసి, గడియ పెట్టింది.

"ఈకలు ఎగిరిపోతున్నాయి" అంది.