తల్లి పేరు దగ్గర

చాయ్ గ్లాసు టక్కున కింద పెట్టిందంటే మల్లికకు కోపం వచ్చిందని చౌటుప్పల్‌లో ఆ వాడకంతా తెలుసు. ఆ పొద్దున ఆ చప్పుడు రెండుసార్లు వినబడింది.

"ఇగో, మళ్ల కట్ అయినయ్ మూడు వందలు," అంటూ ఫోను మొగుడి ముందర పెట్టింది. "ఇంట్ల ఎవరికి కోర్టు పని పడ్డా వకీలు వస్తడని తొమ్మిది నెలల సంది గా వకీలు ప్లానుకు కడుతున్నవ్. ఒక్కనాడన్న అక్కరకొచ్చిందా?"

మందుల కంపెనీలో పనికి బయల్దేరుతున్న పరమేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "బాపు మంద కుక్కకు రోజూ గటక పొయ్యలేదా? తోడేలు రోజూ వచ్చిందా ఏంది? గిదీ గంతే. ఇయ్యాల అక్కరకొస్తది సూడు. అక్కకు నోటీసు పంపిస్తున్న."

మల్లిక చేతిలోని గరిటె ఆగిపోయింది. హైవే పక్కనున్న గొర్రెల దొడ్డి జాగా అమ్మి ఇల్లు కట్టుకోవాలని అతని ఆశ. తండ్రి పోయాక అందులో అక్క సైదమ్మకూ వాటా ఉంది. ఆమె సంతకం పెట్టనంది. మూడు నెలలుగా అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు.

"కుక్క మందను కాసిందయ్యా. నువ్వు దాన్ని ఇంటి మనిషి మీదికే ఉసిగొల్పుతున్నవ్. వదినె నిన్ను సంకనేసుకొని గొర్ల ఎంట తిరిగిందని నువ్వే చెప్తివి గద!"

"గదంత ఎప్పటి ముచ్చట! సంతకం కోసం బ్రోకర్‌ను తోలిస్తే వాకిట్ల నుంచే ఎల్లగొట్టింది. నా ఇజ్జత్ ఏం గావాలె?"

పంతం కొద్దీ అక్కడే ప్లాను నంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. చాలాసేపు పాట వినిపించాక ఒక లాయరమ్మ పలికింది. నోటీసు ఎవరికని అడిగింది.

"సైదమ్మ. వలిగొండ దిక్కు ఉంటది."

"ఒక్క నిమిషం... సారీ అండీ. ప్లాన్‌లో ఉన్న కుటుంబ సభ్యుల మీద కేసులు మేం తీసుకోం. సైదమ్మగారు మీ ప్లాన్‌లోనే ఉన్నారు."

"ఎట్లుంటదమ్మా? ఆమె మా అక్క!"

"మీరు నింపిన ఫారంలో తల్లి పేరు దగ్గర సైదమ్మ అనే ఉందండీ. తప్పు పడిందా? మార్చమంటారా?"

తల్లి పోయేనాటికి పరమేష్‌కు మూడేళ్లు, అక్కకు పన్నెండు. ఆ ఫారం కంపెనీ క్యాంటీన్‌లో నిలబడి ఆదరాబాదరాగా నింపాడు. తల్లి అన్న గడి కనబడగానే వేళ్లు వాటంతటవే ఆ పేరు టైప్ చేసేశాయి. ఆలోచించనే లేదు. జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. సిగ్గుతో అతని మొహం ఎర్రబడింది.

మల్లిక గొంతు మెత్తబడింది. "పో, వదినె కాడికి. కాయితాలు మాత్రం పట్టుకపోకు."

పనికి సెలవు పెట్టి వెళ్లేసరికి సైదమ్మ మేకలకు ఆకు మండలు వేస్తోంది. తలెత్తలేదు.

"కాయితాలేవి?"

"తేలే."

"బ్రోకరు?"

"రాలే. నేనే వచ్చిన, అక్కా."

అప్పుడు చూసింది. చూసేసరికి కళ్లు నిండాయి. "గిట్ల వస్తవనే మూడు నెలల సంది తొవ్వ సూస్తున్నరా! జాగా నేనేం చేసుకుంట? నా కొంగు పట్టుకొని పెరిగినోనివి, ఒక్క సంతకం అడగనీకి బయటోన్ని తోలిస్తివి. గదే నా బాధ."

పరమేష్ ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేశాడు. ఫోను సంగతంతా చెప్పి, "గా ప్లాను దండుగ, అక్కా. ఇయ్యాలే బంద్ పెడత," అన్నాడు.

సైదమ్మ కొంగుతో ముందు తమ్ముడి మొహం తుడిచింది, తర్వాత తనది.

"బంద్ పెడితే గా తల్లి కాడి పేరు పోతదా?"

"పోతది."

మేకపిల్లకు ఒక మండ అందించి, అటే చూస్తూ అంది: "అయితే ఉండనియ్యిరా. మూడు వందలే గద."

కళ్లనీళ్లతోనే నవ్వొచ్చింది పరమేష్‌కు.

"మల్లికకు మాత్రం నువ్వే చెప్పాలె, అక్కా."