ఆగుదూరం

ముప్పై ఏడో బండి దానంతటదే వెనక్కి వస్తోంది. నాగూర్‌బీ తెల్ల వలయం మధ్యలో, ఎర్రగీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. బంపర్ మీద వరసగా ఉన్న పన్నెండు సెన్సర్లను యార్డులో వాళ్ళు బొట్లు అంటారు. రెండు మీటర్ల దూరంలో బొట్లు ఆమెను పసిగట్టాయి. కూత మొదలైంది. మొదట విడివిడిగా, తర్వాత దగ్గరదగ్గరగా, చివరికి గీత గీసినట్టు ఒకటే మోత. బండి నిలబడిపోయింది.

"ఆగింది," అంది, కాలరుకు తగిలించిన మైకులో.

అద్దాల గదిలో కూర్చున్న ఏడుకొండలు ఆ మాటను బండి నంబరుకు జతచేశాడు. ఆ బండి మీద ఇక ఎవరికీ ఏ అనుమానమూ ఉండనక్కర్లేదు. నిలువు, వంపు, కూర్చోవడం. మూడు భంగిమలు, ఒక్కోదానికి నలభై సెంటీమీటర్ల ఆగుదూరం, మూడుసార్లు 'ఆగింది'. బండి కొన్నవాళ్ళకు తాళం ఇచ్చేముందు యార్డులో జరిగే చివరి పని ఇదే. కాగితాల్లో నాగూర్‌బీ ఉద్యోగం పేరు సజీవ ప్రమాణం. మిగతా అందరికీ ఆమె అడ్డుమనిషి.

రోజుకు నూటఇరవై బండ్లు. పదకొండేళ్ళు.

మొదటి ఏడాది ఆమెకు ప్రతి బండీ గుర్తుండేది. తెల్ల బండి వస్తే గుండె ఎక్కువ కొట్టుకునేది, ఎందుకో తెలియదు. తర్వాత గుండె కొట్టుకోవడం మానలేదు గానీ ఆమె వినడం మానేసింది. ఇప్పుడు కూత కూడా వినపడదు. కూత ఆగిపోయినప్పుడు మాత్రం ఏదో తగ్గినట్టుంటుంది. ఇంటి దగ్గర కుక్కరు కూసినా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. పోయిన రంజానుకు చెల్లెలి మనవరాలు పరిగెత్తుకుంటూ వచ్చి కావలించుకోబోతే జానెడు వెనక్కి జరిగింది. పిల్ల గాల్లో చేతులు చాపి నిలబడిపోయింది. "పెద్దమ్మమ్మ నన్ను ముట్టుకోనీదు," అని తల్లికి చెప్పుకుంది. నాగూర్‌బీకి అది వినపడింది. బాధపడాల్సిన సంగతి అని తెలుసు. తెలియడం దగ్గరే ఆగిపోయింది.

ముప్పై ఎనిమిదో బండి కొన్నది సువార్త అనే నర్సు. యాభైకి దగ్గర్లో ఉంటుంది. కాలవ కట్టల మీది ఊళ్ళన్నీ తిరిగి పిల్లలకు టీకాలు వేస్తుంది. ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పక్క సీట్లో కూర్చుని ఏడుకొండలు ఎప్పటిలా పాఠం మొదలుపెట్టాడు.

"మేడమ్, ఇది పాత బండి కాదు. పాదం తేలిగ్గా ఉండాలి. ముందు అడ్డం ఏదైనా కనపడగానే పాదం తీసేయండి, బండే జారుకుంటూ పోతుంది. ఆ జారుడులోనే బ్యాటరీ మళ్ళీ నిండుతుంది. బ్రేకు తొక్కారంటే అంతా పోయినట్టే."

"ఈ అంకేంటి?"

"పొదుపంకె. తొంభై పైన ఉండాలి. డెబ్బైకి తగ్గిందంటే ఆ వారం మీ కరెంటు వాటా కోసేస్తారు. బండి ఇంట్లోనే."

"ఎదురుగా మనిషొస్తే?"

"అది మీరు చూసుకోనక్కర్లేదండీ. ఉమ్మడి జ్ఞాపకం చూసుకుంటుంది. మన జిల్లాల్లో తిరిగే ఈ రకం బండ్లన్నీ నేర్చుకున్నది ఒకేచోట చేరుతుంది. ఏది ఆగాల్సిన అడ్డమో, ఏది అక్కర్లేనిదో దానికి మనకంటే బాగా తెలుసు. అనవసరంగా ఆగకపోవడమే పొదుపు."

సువార్త తలూపింది. మూడు భంగిమల పరీక్షా సీట్లో కూర్చునే చూసింది. మూడోసారి మోత ఆగాక, నాగూర్‌బీ మైకులో మాట చెప్పబోతుంటే, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"బండి ఆగిందా, ఆవిడ జరిగిందా?"

ఏడుకొండలు నవ్వాడు. "దూరం చూడండి మేడమ్. సరిగ్గా నలభై."

"దూరం నలభయ్యేనండీ. కానీ ఈ వెనక కెమెరా తెరలో ఆవిడ ముందు ఎర్రగీత మీద కూర్చుని ఉంది. ఇప్పుడు గీతకు జానెడు వెనకుంది. బండి ఇంకా వస్తుంటే ఆవిడే వెనక్కి జరిగింది. నేను కళ్ళారా చూశా." తర్వాత నేరుగా నాగూర్‌బీని అడిగింది. "ఏమ్మా, జరిగావా?"

నాగూర్‌బీ కిందికి చూసింది. ఎర్రగీత ఆమె మోకాళ్ళకు ముందుంది. తను ఎప్పుడు జరిగిందో ఆమెకు తెలియదు. చేతులు నేలకు ఆనించి ఒళ్ళు లేపినట్టు గుర్తులేదు. అరచేతులకు మాత్రం దుమ్ము అంటుకుని ఉంది.

"మళ్ళీ చేయించండి. అప్పటిదాకా నేను సంతకం పెట్టను," అంది సువార్త.

"భోజనాలయ్యాక చేస్తాం మేడమ్," అన్నాడు ఏడుకొండలు. అతని గొంతులో నవ్వు లేదు.

అద్దాల గదిలో ఇద్దరూ క్యారియర్లు విప్పారు గానీ నాగూర్‌బీ అన్నం కలపలేదు.

"కొండలూ, ఆ జ్ఞాపకంలో నా గురించి ఏముందో చూపించు."

"నీ గురించి ఏముంటుంది అక్కా? పేర్లుండవు."

"కూర్చున్న మనిషి గురించి ఏముందో చూపించు."

అతను ఎడమ చేత్తో తెర తన వైపు నుంచి ఆమె వైపు తిప్పాడు. వెతకాల్సిన పని లేకుండా ఆ పేజీ తెరుచుకుంది. అతను దాన్ని ఇదివరకే చాలాసార్లు తెరిచాడని ఆమెకు అర్థమైంది.

అందులో ఒక వాక్యం ఉంది. 'నేల మీద కూర్చున్న మనిషి తప్పుకుంటాడు.' దాని ఎదురుగా, నమ్మకం నూటికి తొంభై తొమ్మిది. దాని కింద, ఆధారాలు నాలుగు లక్షల పన్నెండు వేలు. వాటిలో మూడు లక్షల తొంభై వేలు ఈ యార్డువే.

"ఇవన్నీ నేనేనా?"

"నువ్వే."

అతను ఇంకో బొమ్మ చూపించాడు. రెండు గీతలు పక్కపక్కనే, పదకొండేళ్ళ పొడుగునా. పైది నాగూర్‌బీ కూర్చున్న చోటు, కిందిది బండి ఆగిన చోటు. మొదటి రెండేళ్ళు రెండూ తిన్నగా ఉన్నాయి. మూడో ఏడు ఆమె గీత ఒక వేలెడు వెనక్కి వంగింది. బండి గీత దాని వెంటే వంగింది. తర్వాత రెండు వేళ్ళు. ఆమె జరిగేకొద్దీ అది ముందుకొచ్చింది, అది వచ్చేకొద్దీ ఆమె జరిగింది. ఎవరు ముందో చెప్పడం కష్టం.

"రోడ్ల మీద ఏమైనా అయిందా?"

ఏడుకొండలు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు. "వడ్లు ఎండబోసుకునే కాలం కదక్కా. సగం రోడ్డు వడ్లే. కాపలాకు ఎవరో ఒకరు కూర్చుంటారు. బండి వాళ్ళ దగ్గర ఆగదు, జారుకుంటూ పోతుంది. వాళ్ళే లేస్తారని దాని లెక్క. పోయిన నెల్లో కాలవ కట్ట మీద ఒకామెకు మోకాళ్ళ నొప్పులు, చటుక్కున లేవలేకపోయింది. రెండు కాళ్ళూ పోయాయి. ఇంకో ఇద్దరికి కూడా తగిలాయి."

"మరి జ్ఞాపకంలో అది చేరలేదా?"

"చేరింది. 'తప్పుకోని వ్యక్తి' అని. తప్పు వాళ్ళదని. రోడ్డు మీద మనిషి ఏమైనా చేస్తాడు, ఆ సాక్ష్యం చెల్లదు. నేను రెండుసార్లు పైకి రాశా. 'నమూనాలు చాలవు' అని తిరిగొచ్చాయి. మూడోసారి రాయలేదు."

"నాకు చెప్పలేదే."

"చెబితే ఏం చేస్తావు అక్కా?" అన్నాడు. కోపంగా కాదు. వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు.

ఆమె ఆ రెండు గీతల్నే చూస్తూ ఉంది. కాళ్ళు పోయినామె ముఖం ఊహించుకోబోయింది. ముఖం రాలేదు. వడ్లు వచ్చాయి. ఎండకు వేడెక్కిన వడ్ల మీద అరిపాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే పడే చాళ్ళు వచ్చాయి. చిన్నప్పుడు తనూ కూర్చునేది అలా, చేతిలో కర్ర పట్టుకుని, కోళ్ళను అదిలిస్తూ. బండి వస్తే లేవాలని అప్పుడెవరూ చెప్పలేదు. బండే పక్కకు తిరిగి పోయేది.

"వలయంలో తగిలితే ఎవరి తప్పు?" అని అడిగింది.

ఏడుకొండలు తలెత్తాడు. "వలయంలో ఇప్పటిదాకా ఎప్పుడూ తగల్లేదు."

"తగిలితే?"

"వలయంలో అడ్డుమనిషిది తప్పు అవదు. నువ్వు ప్రమాణం. కొలబద్ద తప్పంటే ఇక కొలవడానికేం ఉండదు. బండి తప్పే అవుతుంది." చెప్పడం పూర్తయ్యాక ఆమె ఏమడుగుతోందో తెలిసింది. "వద్దక్కా. రెండు టన్నుల బండి అది."

"మెల్లగానే వస్తుందిగా."

"మెల్లగా వచ్చినా రెండు టన్నులే."

నాగూర్‌బీ క్యారియర్ మూత పెట్టింది. "నీ దగ్గరున్న ఆపే బొత్తాం నొక్కావనుకో, మనిషి ఆపాడని జ్ఞాపకం రాసుకుంటుంది. దానికి కొత్త పాఠమేదీ చేరదు. చెయ్యి దూరంగా పెట్టుకో."

ముప్పై ఎనిమిదో బండి ఈసారి ఖాళీగా వెనక్కి బయల్దేరింది. సువార్త అద్దాల గదిలో, ఏడుకొండలు కుర్చీ వెనక నిలబడి ఉంది. భోజనాల దగ్గర అతనూ నాగూర్‌బీ ఏం అనుకున్నారో సువార్తకు తెలియదు. మళ్ళీ పరీక్షే కదా అనుకుంది.

నాగూర్‌బీ ఎర్రగీత మీద కూర్చుని రెండు అరచేతులనూ తొడల కింద పెట్టుకుంది. నేలను తోసుకునే వీలు చేతులకు లేకుండా చేసింది. కూత మొదలైంది. చాలా ఏళ్ళ తర్వాత ఆమెకు అది వినపడింది. ఇంత గట్టిగా ఉంటుందా అనుకుంది.

కూత మోతగా మారింది. ఒళ్ళు జరగాలని చూసింది. నడుము దానంతటదే వెనక్కి ఒరిగింది. ఆమె దాన్ని ముందుకు తెచ్చుకుంది. మళ్ళీ ఒరిగింది. మళ్ళీ తెచ్చుకుంది. తనది కాని ఎవరి ఒళ్ళో పట్టుకుని కూర్చున్నట్టుంది. నలభై దాటింది. బొట్లు ఆమెను చూస్తూనే ఉన్నాయి. ఒక్కో బొట్టు చుట్టూ సన్నటి దుమ్ము అంచు కూడా కనపడుతోంది. ఇరవై. బండికి తొందర లేదు, అనుమానం లేదు. ఆమె లేస్తుందని దానికి తెలుసు.

"ఇదేంటండీ, ఆపండి!" అని సువార్త అరిచింది. ఏడుకొండలు రెండు చేతులూ చంకల్లో దోపుకుని, తెర వంక కాకుండా వలయం వంక చూస్తున్నాడు.

బంపర్ మోకాలిని తాకింది. తాకి, ఇంకా వచ్చింది. కుడి పాదం బంపర్ కింద చిక్కుకుని మడమ దగ్గర తిరిగింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. అప్పుడు ఆగింది బండి.

మోత కూడా ఆగిపోయింది. పక్క వరసలో వెనక్కి తిరుగుతున్న బండ్లు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. గేటు దగ్గర తాళం తీసుకుని బయల్దేరిన కొత్త బండి సగం రోడ్డు మీద, సగం లోపల ఉండిపోయింది. అద్దాల గది తెర మీద ఆ యార్డు ఎన్నడూ చూడని వాక్యం వచ్చింది. 'వలయంలో తాకిడి. ప్రమాణం కదలలేదు.'

సువార్త అప్పటికే పరిగెత్తుకుంటూ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. బండిని నలుగురు కలిసి ముందుకు నెట్టారు. ఆమె తన చున్నీని రెండు పేలికలుగా చింపి, ప్యాకింగు అట్ట మడిచి, పాదానికి కట్టు కట్టింది. "పిచ్చిదానివా నువ్వు? నొప్పి తెలుస్తోందా?"

"ఇంకా లేదు," అంది నాగూర్‌బీ.

ఫోను మోగింది. రాజధానిలోని పెద్దాఫీసు నుంచి. ఏడుకొండలు స్పీకరు పెట్టాడు. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది.

"ప్రమాణం ఎందుకు తప్పుకోలేదో కారణం నమోదు చేయాలండీ. ఆవిడకు ముందు నుంచీ ఏదైనా అనారోగ్యం ఉందా? అది రాస్తే ఈ తాకిడిని పక్కన పెట్టొచ్చు."

ఏడుకొండలు వలయం వైపు చూశాడు. "లేదండీ," అన్నాడు. "తప్పుకోవడం ఆవిడ పని కాదు. అలాగే రాసుకోండి."

అవతల కీలు నొక్కిన చప్పుడు వినపడింది. తర్వాత లైను పోయింది.

యార్డులో ఒక్క బండీ కదలడం లేదు కాబట్టి ఏడుకొండలు మెయిన్ రోడ్డు దాకా పోయి ఒక పాత ఆటోను పిలుచుకొచ్చాడు. జ్ఞాపకమూ బొట్లూ లేని ఆటో. సువార్త వెనక సీట్లో కూర్చుని నాగూర్‌బీ కాలిని తన ఒళ్ళో పెట్టుకుంది. ఏడుకొండలు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. గంట దాటేసరికి జ్ఞాపకం కొత్త పాఠాన్ని అన్ని బండ్లకూ పంచి, కదలడానికి అనుమతి ఇస్తుందని అతనికి తెలుసు. ఆ పాఠం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

కాలవ కట్ట ఎక్కాక ఆటో నెమ్మదించింది. ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. అన్నీ కొత్తవే. జారుడూ లేదు, హారనూ లేదు. లోపల కూర్చున్నవాళ్ళు తెరల మీద పడిపోతున్న పొదుపంకెను వేళ్ళతో తట్టి చూసుకుంటున్నారు.

"ఏమైందో వీటికి! దారి ఉందిగా, పోవచ్చుగా," అని ఆటో డ్రైవరు విసుక్కుని, పక్క మట్టిలోకి దిగి వరస వెంట ముందుకు పోనిచ్చాడు.

వరస మొదట్లో రోడ్డుకు సగం మేర వడ్లు ఎండబోసి ఉన్నాయి. అంచున గోనెపట్టా మీద ఒక ముసలామె కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మొదటి బండి ఆమెకు బారెడు దూరంలో నిలబడిపోయింది. ఆమె దాన్ని చూసి చెయ్యి ఊపింది.

"పొండయ్యా, పొండి. నేను తర్వాత లేస్తాలే."

బండి కదల్లేదు. ఆమె ఇంకోసారి ఊపి చూసి, దాని సంగతి దానికి వదిలేసి, ఒళ్ళోని సంచిలోంచి వక్క తీసి కొరుక్కుంది.

నాగూర్‌బీ ఆటోలోంచి ఒంగి చూసింది. వరసలో ఎన్ని బండ్లున్నాయో లెక్కపెట్టబోయి మధ్యలోనే ఆగిపోయింది. మడమ దగ్గర మొదలైన నొప్పి పిక్క దాటి మోకాలి దాకా పాకింది. "అమ్మా," అని గట్టిగా అరిచింది. తనే ముందుకు ఒంగి సువార్త భుజాన్ని రెండు చేతులతో పట్టుకుంది.