నాలుగో ప్రశ్న

ఉదయం తొమ్మిదింటికి చెల్లెలు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలను కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే, ఆమె కీబోర్డుతో జవాబులిస్తుంది. ఆస్పత్రి రికార్డుల విభాగంలో ఉద్యోగానికి ఈ ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరి. ఆఖరి పరీక్ష గడువు సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. కోర్సు తయారుచేసింది సొంత అక్కే, పక్క గదిలో కూర్చుని.

నాలుగో ప్రశ్న దగ్గర "బొమ్మ, బొమ్మ, బొమ్మ" అని కంప్యూటర్ ఊరుకుంది. ఏ మీట నొక్కినా కదల్లేదు.

అమ్మ వచ్చి మౌస్ అందుకుంది. "బొమ్మల్ని లాగి పేర్ల పక్కన పెట్టాలట. ఏ బొమ్మలో ఏముందో చెప్తాను, ఏది ఎక్కడికో నువ్వు చెప్పు."

"వద్దమ్మా. ఆఖరి పరీక్షలో మాత్రం ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని నియమం."

"ఎవరు చూస్తారే?"

"నేనైతే చూడను. కానీ నాకు తెలుస్తుంది కదా."

మాటలు విని అక్క వచ్చింది. "వారం వారం పరీక్షలన్నీ పాసయ్యావుగా? ఇవీ అలాంటి ప్రశ్నలే."

అమ్మ మెల్లగా మౌస్ వదిలేసింది. "వాటిలో బొమ్మలన్నీ నేనే జరిపి పెట్టాను. బుర్ర దానిది, చెయ్యి నాది."

ఆ మార్కులు చూసుకునే అక్క, కోర్సంతా కీబోర్డుతో చేయవచ్చని తనిఖీ పత్రం మీద అంతకుముందే సంతకం పెట్టింది.

"ఇంట్లోనే ఉన్నాను. ఒక్కసారి నన్ను చేసి చూడమని అడగొచ్చుగా?" అంది చెల్లెలు.

"నీ చదువు నీకుంది, నా పని కూడా నీ నెత్తిన పెట్టడమెందుకని..."

"అడక్కపోవడం దయ అనుకున్నావా అక్కా?"

అక్క తెర ఆపేసి, తనే కీబోర్డు ముందు కూర్చుంది. పావుగంట తంటాలు పడినా నాలుగో ప్రశ్న దాటలేకపోయింది. కళ్లు తుడుచుకుని తన మేనేజరుకు ఫోన్ చేసింది.

"తనిఖీ పత్రంలో నేను రాసింది తప్పండీ. సరిచేసేదాకా పరీక్ష ఆపండి... అవును, పొరపాటు నాదే."

చీవాట్లు గది నిండా వినిపించాయి. చివరికి పరీక్ష రాసేవాళ్లందరికీ మరో వారం గడువు దొరికింది.

చెల్లెలు మళ్లీ కీబోర్డు ముందుకు చేరి, కుర్చీ జరిపి అక్కకు చోటిచ్చింది. "కూర్చో. మొదటి పాఠం నుంచి నేను చేస్తాను, ఎక్కడెక్కడ ఆగిపోతుందో నువ్వు రాసుకో. లావుపాటి నోటుబుక్కు తెచ్చుకో."