కొలిచినకొద్దీ తగ్గే బొంత

రెండో అంతస్తు టీచరమ్మ చెప్పిందని కింద పాలషాపాయన చెప్పాడు.

"మీ నాయనమ్మగారికి మతి తప్పుతోందటగా బాబూ? కుట్టిన బొంత కుట్టినట్టే చిన్నదైపోతోందంటున్నారట. మీ అమ్మగారు మీ పెదనాన్నగారికి ఫోన్లో చెప్పుకుని ఏడుస్తుంటే గోడవతలకి వినపడిందట. ఆయన ఇవాళే కారేసుకొచ్చి తీసుకెళ్ళిపోతున్నాడట. అలాంటివాళ్ళని ఉంచే హోమేదో ఉందట. టీచరమ్మ అయితే ఇంకో మాట కూడా అంది. మతీ కాదు గితీ కాదు, ఆ ఇంట్లోనే ఏదో ఉందట!"

ఆ 'ఏదో' చేతిలోంచి పాలప్యాకెట్టు జారి నేల మీద పడి పగిలింది.

ఎందుకంటే బొంతని తగ్గిస్తున్న దొంగ అతనే. కాకపోతే ఆ దొంగకి కూడా అంతుపట్టని సంగతి ఒకటుంది. ప్యాకెట్టు జారింది అందుకే.

అతన్ని బిల్డింగంతా లిఫ్టబ్బాయి అంటారు. లిఫ్టులు బిగించే కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ మూతపడ్డప్పటి నుంచీ ఇంట్లోనే ఉంటున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ బిల్డింగు లిఫ్టూ చెడిపోయింది. "రెండు లిఫ్టులూ ఒకేసారి ఆగిపోయాయమ్మా" అని టీచరమ్మ మెట్ల మీద ఆయాసపడుతూనే నవ్వేది.

ఉద్యోగం పోయినవాడికి భయాలు పుట్టగొడుగుల్లా మొలుస్తాయి. బెల్లు మోగితే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. "ఇప్పుడేం చేస్తున్నావు బాబూ?" అని పలకరించే పెద్దమనుషులంటే మరీ భయం. వాళ్ళు పై మెట్ల మీద కనిపిస్తే చాలు, ఇతను కింది మెట్టు మీద చెప్పు తెగినవాడిలా వంగిపోయేవాడు.

అలాంటివాడి దగ్గర ధైర్యమనదగ్గ వస్తువు ఒక్కటే ఉండేది. ఇంటర్వ్యూలకి వేసుకునే తెల్లచొక్కా. ఒకరోజు అదీ మాయమైంది.

"పాతబట్టల మూట పై అంతస్తు పిల్లకిచ్చాన్రా" అంది నాయనమ్మ. ఆవిడకి కళ్ళు మసక. "తెలుపో పసుపో నాకేం తెలుసు? మెత్తగా ఉంది, బొంతకి బావుంటుందనుకున్నా."

రెండేసి మెట్లు ఎక్కి వెళ్ళి తలుపు కొట్టాడు. తలుపు తీసిన అమ్మాయి చేతిలో కత్తెర ఉంది. ఆమె వెనక, నేల మీద, అతని ధైర్యం చదరాలు చదరాలుగా పడి ఉంది.

"అది నా ఇంటర్వ్యూ చొక్కా అండీ!"

ఆమె ముక్కల వంకా, అతని వంకా చూసింది. "ఇది వేసుకుని చాలా ఇంటర్వ్యూలకి వెళ్ళారా?"

"చాలా."

"ఒక్కటైనా వచ్చిందా?"

"...లేదు."

"అయితే చొక్కాదే తప్పు. పోనీలెండి, పీడ వదిలింది."

కోపం రావాల్సినవాడికి నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి అతని మనసులో ఆమె పేరు కత్తెర. ఆమె నోట అతను లిఫ్టుగారు.

కత్తెరదీ అదే కథ. బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చునేది. టికెట్లన్నీ ఫోన్లలోకి ఎక్కేశాక కౌంటరు ఎత్తేశారు. ఉంటున్నది అన్నావదినల ఇంట్లో. చేతులు ఊరికే ఉంటే వదిన చూపు గుచ్చుకుంటుందని ఊలుసూదులు పట్టింది. టీ కెటిల్‌కి స్వెట్టరు అల్లింది. వదిన ఫోనుకి అల్లింది. స్టూలు కాళ్ళకి మేజోళ్ళు తొడిగింది. అన్న హెల్మెట్‌కి టోపీ పెట్టింది. ఆ ఇంట్లో ఇక చలేసే వస్తువు మిగల్లేదని తేలాక బొంతల మీద పడింది.

"బొంత ఒక్కరి వల్ల అయ్యేది కాదు" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. "అటు కొసన ఒకరు, ఇటు కొసన ఒకరు కూర్చుని మధ్యకి కుట్టుకుంటూ రావాలి. నాకు చూపు ఆనదు. ఒరేయ్, నువ్వెలాగూ ఖాళీయేగా, సూది పట్టు."

అలా నాయనమ్మ గదిలో బొంత పరుచుకుంది. చొక్కా జేబుని మాత్రం కత్తెర కోయకుండా నడిమధ్యన కుట్టింది. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకోవడానికట.

"అది కుట్టా, మెట్లా? ఎక్కుతూ దిగుతూ పోతోంది."

"లిఫ్టు చెయ్యండీ ఇది. పైకీ కిందకీ తప్ప పక్కకి పోవడం రాదు."

కిటికీ బయట వాన. కత్తెర తలవంచి దారం పంటితో కొరికిన ప్రతిసారీ ఇతను వేలు పొడుచుకునేవాడు.

"మళ్ళీనా? కుట్టు చూసి కుట్టండి, నన్ను కాదు."

"మిమ్మల్నెవరు చూశారు? వాన చూస్తున్నా."

"వాన కిటికీ వైపు కదండీ పడుతోంది? నేను గోడ వైపున్నాను."

మంచం మీద నాయనమ్మకి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చేది.

సాయంత్రమైతే ఆవిడ మంచం దిగి, కుట్టిన మేర వేళ్ళతో తడుముతూ జానలు వేసేది. "అటు నుంచి ఇంత, ఇటు నుంచి ఇంత. రెండు కుట్లూ కలిసిన రోజు ఇది కప్పుకుని కాళ్ళు బారజాపి పడుకుంటా."

కుట్లు దగ్గరవుతున్నకొద్దీ తలలూ దగ్గరయ్యాయి. మొదట్లో గది ఈ చివర నుంచి ఆ చివరకి అరుచుకున్నవాళ్ళకి ఇప్పుడు గొణుక్కుంటే చాలు. అదిగో, సరిగ్గా అప్పుడే కత్తెర మామూలుగా ఒక మాటంది.

"ఈ బొంత అయ్యేదాకానే వెళ్ళమంది మా వదిన. తర్వాత ఇంటిపట్టున ఉండాలట. నన్ను చూసుకోవడానికి ఎవరో వస్తున్నారట."

"ఎవరు?"

"ఎవరో. ఉద్యోగం ఉన్నవాళ్ళు."

సూది ఆగిపోయింది. 'నన్ను చేసుకుంటావా' అని అడగాలంటే నోరుండాలి. నోరు లేవాలంటే జేబుండాలి. అతనికున్న ఒక్క జేబూ బొంతకి కుట్టేసి ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె వెళ్ళిపోయి, నాయనమ్మ కునుకు తీస్తున్న వేళ, పిల్లిలా వచ్చి తన కొసన కుట్టిన చివరి వరస విప్పేశాడు. మర్నాడూ అంతే. కుట్టింది విప్పుతూ పోతే బొంత ఎప్పటికీ అవదు. బొంత అవకపోతే కత్తెర వస్తూనే ఉంటుంది. ముసలికళ్ళు ఏం చూస్తాయిలే అనుకున్నాడు. ఆవిడ చూసేది కళ్ళతో కాదు, జానతో అన్న సంగతి మర్చిపోయాడు.

ఒక సాయంత్రం నాయనమ్మ కొలుస్తూ కొలుస్తూ ఆగింది. మళ్ళీ మొదటి నుంచి కొలిచింది. చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"నిన్న ఈ గరుకు గుడ్డ దాటాం కదరా?"

"లేదే. నువ్వే పొరపాటు పడ్డావేమో."

ఆ మాట అన్నాక తన నోటిని తనే నమ్మలేకపోయాడు. భయం ఇంత తేలిగ్గా అబద్ధమాడేస్తుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

నాయనమ్మ అతని మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "మా అమ్మకీ ఇలాగే మొదలైందిరా" అంది నెమ్మదిగా. "ముందు వస్తువులు మారాయి. పెట్టినవి పెట్టినచోట ఉండేవి కావు. తర్వాత రోజులు కలగాపులగం అయ్యాయి. ఆఖరికి మనుషులు. నేను అన్నం తినిపిస్తుంటే 'ఎవరమ్మా నువ్వు, ఎంత మంచిదానివో' అంది. మీ అమ్మకి చెప్పకు."

అప్పుడైనా చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

లైట్లు వేసే వేళ ఆవిడ గది ముందు నుంచి వెళ్తుంటే గొంతు వినిపించింది. నాయనమ్మ మంచం మీద కూర్చుని తన తోబుట్టువుల పేర్లు ఒక్కొక్కటే వల్లిస్తోంది, బళ్ళో పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు. ఒకచోట పేరు అందక ఆగిపోయింది. తలుపు ఇవతల అతను ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి పేరు దొరికింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

అంతటితో విప్పడం మానేశాడు. మానేయడమే కాదు, మర్నాడు తన కొసన ఒక వరస అదనంగా కుట్టాడు కూడా.

అయినా, ఆ మర్నాటి సాయంత్రం నాయనమ్మ జాన కింద బొంత తగ్గింది.

వంగి చూశాడు. అవతలి కొస నుంచి వచ్చిన కుట్టు నిన్న జేబు దాటింది. తన కళ్ళతో తను చూశాడు. ఇవాళ జేబు కింద గుడ్డ వదులుగా వేలాడుతోంది. చుట్టుపక్కల ఒక్క దారప్పోగు కూడా లేదు.

'నేను విప్పలేదు. కత్తెరకి విప్పాల్సిన ఖర్మేంటి? వదిన చేత మాటలు పడే పిల్ల, ఎప్పుడు పూర్తవుతుందా అని ఆమెకే తొందర. మరెవరు?' ప్రేమలో పడ్డవాడి బుర్ర అంతే. ఇంట్లో దెయ్యం ఉందంటే నమ్ముతుంది గానీ, అవతలి మనిషికీ తనలాంటి మనసే ఉందంటే నమ్మదు.

ఆ రోజు నుంచి ఆ గదిలోకి ఒంటరిగా పోవడానికే జంకాడు. నిద్రలో తన చేతులే లేచి వెళ్ళి విప్పుతున్నాయేమోనని పడుకునే ముందు వేళ్ళ వంక అనుమానంగా చూసుకునేవాడు. ఇవతల అతనిలా వణుకుతుంటే అవతల నాయనమ్మే అమ్మని పిలిచి చెప్పేసింది. "పెద్దాడికి ఫోన్ చెయ్యమ్మా. మిమ్మల్ని గుర్తుపడుతుండగానే వెళ్ళిపోతాను. తర్వాత వెళ్తే మీకు కష్టం."

అదీ పాలప్యాకెట్టు కథ.

పగిలిన పాలని అక్కడే వదిలేసి మెట్లెక్కాడు. గుమ్మం ముందు పెదనాన్న బూట్లు ఉన్నాయి. లోపల అమ్మ కళ్ళు తుడుచుకుంటూ బట్టలు సర్దుతోంది. పెదనాన్న కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. కడసారి చూసి పోదామని వచ్చిన పై అంతస్తు వదిన గుమ్మం పక్కన నిలబడింది. ఆవిడ వెనక కత్తెర. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాయనమ్మ తయారై కూర్చుంది. నెత్తిన కత్తెర అల్లిచ్చిన ఊలుటోపీ, ఒళ్ళో సంచి.

"ఒక్కసారి బొంత ఇలా పట్రండి."

తెచ్చి పరిచారు. వేళ్ళతో తడుముతూ జానలు వేసింది. "చూశావురా పెద్దాడా? మొన్న జేబు దాటింది. ఇవాళ జేబు దాకా కూడా రాలేదు. ఇంక పద."

"నేను విప్పానే నాయనమ్మా!"

అతని గొంతు అతనికే వింతగా వినిపించింది. అది ఆగకముందే గుమ్మం దగ్గర నుంచి ఇంకో గొంతు.

"కాదు బామ్మగారూ, నేను విప్పాను!"

ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగారు.

"నువ్వా?"

"నువ్వూనా?"

మీరు అనే మాట ఆ క్షణంలో ఎటు జారిపోయిందో ఎవరూ గమనించలేదు.

"పొద్దున నువ్వు బజారుకెళ్తావు, బామ్మగారు స్నానానికెళ్తారు, మీ అమ్మగారు వంటింట్లో ఉంటారు. అప్పుడొచ్చి నా కొసన విప్పేదాన్ని" అంది కత్తెర, ఏడుపు గొంతుతో.

"నేను దెయ్యమనుకుని చచ్చాను!"

"నేను మాత్రం? విప్పింది ఒక్క వరసే కదా, ఇంతెలా తగ్గిందని ముసుగుతన్ని పడుకున్నా! బామ్మగారు భయపడుతున్నారని నాకెవరు చెప్పారు? ఇప్పుడేగా వదిన చెప్పింది!"

"అసలెందుకు విప్పార్రా?" అన్నాడు పెదనాన్న.

అమ్మ, పెదనాన్న, వదిన. లిఫ్టబ్బాయి భయపడే రకం మనుషులంతా ఒక్క గదిలో చేరి అతని వంకే చూస్తున్నారు. మామూలు రోజైతే చెప్పు తెగేదే. కానీ నాయనమ్మ చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది. పోయిన కుట్టు కోసం వెతుకుతోంది. అది చూశాక అతనికి మిగతా భయాలన్నీ చిన్నవైపోయాయి.

"బొంత అయిపోతే తను రాదు కదా పెదనాన్నా."

వదిన వెనక్కి తిరిగింది. "ఏమ్మా, నీదీ అదేనా?"

కత్తెర నేలచూపులు చూసింది. "మరి నువ్వు చూపించబోయేవాళ్ళకి వంకర కుట్లు రావుగా వదినా."

"బాగుంది!" అన్నాడు పెదనాన్న. "వీడికీ ఉద్యోగం లేదు, ఆ పిల్లకీ లేదు. ఇద్దరూ కుట్టుకుంటూ విప్పుకుంటూ బతికేస్తారన్నమాట!"

నాయనమ్మకి ఆ మాటలేవీ ఎక్కలేదు. చిన్నపిల్ల గొంతుతో అడిగింది.

"అయితే... అది నిజంగానే తగ్గిందా?"

"తగ్గింది నాయనమ్మా."

"నా కొలత తప్పలేదా?"

"ఒక్కరోజు కూడా తప్పలేదు."

ఆవిడ మనవణ్ణి దగ్గరికి రమ్మని, చెంప ఎక్కడుందో తడిమి చూసుకుని మరీ ఛెళ్ళుమనిపించింది. కత్తెరని రమ్మని, కొట్టబోయి, ఆగి, ఆ చేతిని పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వూ ఇటు రారా. ఇకనుంచి ఇద్దరూ ఒకే కొసన కూర్చుని కుట్టండి. ఉద్యోగాలంటావా, పోయిన దారినే వస్తాయి. వచ్చేదాకా చేతులున్నాయిగా. ఈసారి విప్పితే మాత్రం వేళ్ళు విరగ్గొడతాను." ఆపై గుమ్మం వైపు తిరిగింది. "ఏమ్మా, పిల్లని మా ఇంటికిస్తారా?"

వదిన ఆ చూపుని తట్టుకోలేక "వాళ్ళన్నయ్యతో చెప్తాలెండి, కాదనరు" అంది. అమ్మ సర్దిన బట్టలు సంచిలోంచి ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమరలో పెడుతోంది. కత్తెర సూదిలో దారం ఎక్కించబోయింది. కన్నీళ్ళకి సూది బెజ్జం కనిపించలేదు. అతను అందుకుని ఎక్కించాడు.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "మాకేం తెలుసమ్మా? బొంత తగ్గిపోతోందని ఎవరన్నా అంటే వినేవాళ్ళేమనుకుంటారు? వయసు మీద పడింది, మతి పోయిందనే కదా..."

"మతి పోయిందంటే అందరూ నమ్మారు. కారు కూడా తెచ్చారు. మీలో ఒక్కళ్ళయినా ఆ బొంత కొలిచి చూశారట్రా?"