నూట పదా, రెండొందల ఇరవయ్యా

జుసారా పనిముట్ల షాపు కౌంటర్ మీద పెట్టిన జిగ్‌సా రంపం నుంచి ఇంకా కాలిన వాసన వస్తోంది.

"సాల్వడార్ నుంచి తెచ్చారా?" అన్నాడు షాపులో పనిచేసే జోసివాన్.

"మీకెలా తెలుసు?"

"అక్కడ కరెంటు నూట పది ఓల్టులు. మా రెసీఫీలో రెండొందల ఇరవై. అక్కణ్ణుంచి వచ్చినవాళ్లంతా మొదటి వారంలోనే ఏదో ఒకటి కాల్చుకుని మా షాపుకొస్తారు. మీరు నయం. పోయిన నెల ఒకాయన ఫ్రిజ్ కాల్చాడు."

చెబుతూ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"నవ్వడానికి జీతమిస్తారా మీకు?"

"లేదండీ, అది ఉచితం."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానురాలు దోనా క్రెయూజా పేపరు దించి ఇద్దరినీ చూసింది.

రబేకా అనే నాటు ఫిడేలు చేయడం నేర్చుకోవడానికి జుసారా పక్కనున్న ఒలిండాలో ఒక పెద్దాయన దగ్గర చేరింది. జూన్‌లో సావో జొవావ్ పండగ అయ్యాక సొంతూరు సాల్వడార్ వెళ్లిపోయి, ఇంటి వెనక గదిలో సొంత వర్క్‌షాప్ పెట్టుకుంటుంది. అందుకే ప్రతి పరికరమూ నూట పదిదే కావాలంది. ఇక్కడున్నన్నాళ్లు వాడుకోవడానికి, రెండొందల ఇరవైని నూట పదికి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొంది. అది రెండిటుకల బరువుంది.

అప్పటినుంచి ప్రతి గురువారం వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒక్క పరికరమే చూసి కొనేది.

"ఈ డ్రిల్లు పవర్ ఎంత?"

"పవర్ తర్వాత. ముందు బరువు చూడండి. అరగంట ఎత్తి పట్టుకోండి."

"అరగంటా?"

"నాకు తొందర లేదు."

ఆరో నిమిషంలో ఆమె చెయ్యి వణికింది. అతను చిన్న డ్రిల్లు తీసి చేతికిచ్చాడు. మరో వారం శాండర్‌తో దేవదారు ముక్క ఒకటి నున్నగా తోమి, అరచేత్తో తడిమి, బాగుందన్నాడు. ఆమె అతని వేలు పట్టుకుని చెక్క మీద ఓ చోట ఆనించింది.

"ఇక్కడ గీత ఉంది. తెలిసిందా?"

గీత సంగతి జోసివాన్‌కి తెలియలేదు. ఉందనే అన్నాడు.

ఇక కొనాల్సి మిగిలింది పట్టీ రంపం, అదే బ్యాండ్‌సా. ఫిడేలు ఒంపులు కోయాలంటే అది కావాలి. పెద్ద మోటారు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీద నడవదు. అంత పెద్దది నూట పదిలో రెసీఫీలో దొరకదు, ఆర్డరు పెడితే నేరుగా సాల్వడార్ వెళ్తుంది.

పండగ ముందటి గురువారం ఆమె తడిసిన గొడుగుతో, భుజాన సంచితో వచ్చింది. అతను ఆర్డరు కాగితం నింపాడు. ఓల్టేజీ గడి దగ్గర పెన్ను ఆగింది.

"రెండొందల ఇరవైది తీసుకోకూడదా?"

"నూట పదిలో ఏమైనా లోపముందా?"

"లేదు. బాగా కోస్తుంది."

"మరి?"

"అది సాల్వడార్లో కోస్తుంది. నువ్వూ అక్కడే ఉంటావు."

అతను ఆమెను నువ్వనడం అదే మొదటిసారి.

"ఒరేయ్, గట్టిగా చెప్పు. వానలో నాకేం వినబడట్లేదు," అంది దోనా క్రెయూజా.

"ఇక్కడే ఉండిపొమ్మంటున్నాను. నువ్వంటే నాకిష్టం."

మేకులు కొంటున్న ఒకాయన తూకం మానేసి ఇటు తిరిగాడు.

జుసారా సంచి విప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ తీసి దభీమని కౌంటర్ మీద పెట్టింది.

"మా గురువుగారు వర్క్‌షాప్‌కి గ్యారేజీలో సగం నాకిస్తానన్నారు. వెనక్కిచ్చేద్దామని పొద్దుట్నించీ దీన్ని మోస్తున్నాను. నువ్వడుగుతావా లేదా అని చూస్తుంటే భుజం పడిపోయింది."

"మరి డ్రిల్లూ, శాండరూ?"

"నిన్ననే బస్సులో సాల్వడార్‌కి, నాన్నకి పంపేశాను. అన్నీ మళ్లీ కొనాలి. మొదట్నించీ చూపించు."

అతను గడిలో 220 అని రాశాడు. అల్మారాలోంచి డ్రిల్లు తీశాడు.

"అరగంట ఎత్తి పట్టుకోవాలి," అన్నాడు.

"నాకు తొందర లేదు," అంది జుసారా.