చేత్తో నడిపే కారు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని డ్రైవరమ్మ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. పన్నెండేళ్ళు సైన్యంలో లారీలు నడిపిన మనిషి. కొండదారిలో బండి బోల్తాపడి కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇంటికొచ్చి ఏడాదైనా వీధిలో అందరూ ఇంకా డ్రైవరమ్మ అనే పిలుస్తారు. ఎదురుగా అత్తగారు కూరగాయలు తరుగుతూ పక్కింటి కబుర్లు పూసగుచ్చినట్టు చెబుతోంది.

డ్రైవరమ్మ ఒళ్ళో వైకల్య భృతి దరఖాస్తు ఉంది. గడువు రేపటితో సరి. 'ఇకపై ఏ పనీ చేయలేను' అన్నచోట సంతకం ఒక్కటే మిగిలింది. అది పెడితే బతికినన్నాళ్ళూ నెలనెలా పూర్తి భృతి. అత్తగారు పెట్టమని పోరుతోంది. సెలూన్ నడుపుకునే భర్త మాత్రం నీ ఇష్టం అంటాడు. ఆ ఒక్కమాట తప్ప ఇంకేమీ అనడని ఆమెకు లోలోపల ఉక్రోషం.

నిజానికి ఆమె మనసంతా శిక్షణ మీదుంది. బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తోనే నొక్కే కార్లు కొన్ని వచ్చాయి. వాటిని నడపడం ఇతరులకు నేర్పే పని కోసం మాజీ సైనికులకు ఆరు నెలల తర్ఫీదు ఇస్తున్నారు. చేరతానని మూణ్ణెల్ల కిందట రాసింది. జవాబు లేదు. ఒంటికాలి మనిషి ఎవరిక్కావాలిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సంతకం పెడదామంటే పెన్ను రాయలేదు. ఇంకోటి ఉంటుందేమోనని అత్తగారి కుట్టుపెట్టె తెరిచింది. దారపుండల కింద తన పేరుతో ఓ కవరు. ఆమెను ఎంపిక చేశారు, సోమవారం చేరాలి. ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది.

ఆమె కవరు తెచ్చి తరిగిన ముక్కల పక్కన పెట్టింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ అప్పుడే గదిలోంచి వచ్చిన భర్త చేతులు ఆగిపోయాయి.

"ఇది మీ పెట్టెలోకి ఎలా వచ్చిందత్తయ్యా?"

అత్తగారు బుకాయించలేదు. "నేనే దాచాను."

"నాకు చేతకాదనా?"

"నీకు చేతనవునని తెలిసే దాచానమ్మా. నీ పెళ్ళయి తొమ్మిదేళ్ళు. సెలవులకి వచ్చేదానివి, సంచి సర్దుకుని పోయేదానివి. వీడు పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే రావడం. ఈ ఏడాదే నాకో తోడు దొరికింది. సంతకం పెడితే ఇంట్లోనే ఉంటావనుకున్నాను."

డ్రైవరమ్మ ఏడాదిగా ఈ ఇంటికి తను బరువనే అనుకుంది. తను వెళ్ళిపోతే దిగులుపడే మనిషి ఒకరున్నారని తట్టనేలేదు.

"ఈ ఇరవై రోజులూ ఎవరికీ పనికిరానని ఏడ్చానత్తయ్యా," అంది మెల్లగా.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి వచ్చి కోడలి తల తన పొట్టకి అదుముకుంది. భర్త ఇవాళ సెలూన్ తెరవనన్నాడు, శిక్షణలో చేరితే భృతి ఏమవుతుందో అడగడానికి ముగ్గురం భృతి ఆఫీసుకి వెళ్దామన్నాడు.

ఆఫీసులో కళ్ళజోడు గుమాస్తా దరఖాస్తు చూసి, ఇది అసలేం పని చేయలేనివాళ్ళదని చెప్పింది. కాలు పోయినందుకు వేరే భృతి ఉంది. ఇందులో సగమే వస్తుంది గానీ శిక్షణ తీసుకున్నా, ఉద్యోగం చేసినా ఆగదు. అత్తగారు నమ్మలేక మూడుసార్లు అడిగింది. గుమాస్తా ఓపిగ్గా మూడుసార్లూ చెప్పి, డ్రైవరమ్మ వైపు తిరిగి బాగా ఆలోచించుకోమంది.

"ఆలోచించానండి. మిగతా సగం నేను సంపాదించుకుంటాను."

సోమవారం చేరింది. రోజూ సాయంత్రం పాఠమంతా అత్తగారికి ఒప్పజెప్పేది. పాఠం చెప్పేవాడికి ఓపిక తక్కువని అత్తగారు మొదటి వారంలోనే తేల్చేసింది.

ఆఖరి పరీక్షకి, స్టీరింగ్ ఎన్నడూ ముట్టని మనిషిని తెచ్చి నేర్పించి చూపాలన్నారు. భర్త ఎవరిని అడగాలా అని ఆలోచిస్తుండగానే అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

మైదానంలో కారు మొదట రెండుసార్లు ఎగిరి ఆగింది. డ్రైవరమ్మ పక్కనే కూర్చుని, తొందరలేదత్తయ్యా, మెల్లగా నొక్కండి అంటూ వచ్చింది. మూడోసారి కారు సాఫీగా కదిలింది. ఒక చుట్టు పూర్తయ్యాక, వెనక సీట్లోని పరీక్షాధికారి కాగితం మీద సంతకం చేసి, చాలు, ఇక ఆపండమ్మా అన్నాడు.

"మీకు పనుంటే దిగండి బాబూ," అంది అత్తగారు ముందు దారి మీంచి చూపు తిప్పకుండా. "నాకిప్పుడే చేయి కుదిరింది."

ఆయన దిగలేదు. డ్రైవరమ్మ కడుపుబ్బా నవ్వుతుంటే కారు రెండో చుట్టు తిరిగింది.