తిట్టకూడని మూడు రోజులు

"ఆగండి! అడుగు లోపల పెట్టకండి!"

ఆ అమ్మాయి అరిచేసరికే ఖోయి కుడికాలు గడప లోపల ఉంది. ఎడమకాలు బయట. ఒంటిమీద నీళ్లోడుతున్న రెయిన్‌కోటు, వెనక గేటుకి ఆనించిన పంచరైన సైకిలు.

"అదే... గాలి పంపు ఉంటే ఒక్కసారి ఇస్తారా అని..."

అమ్మాయి చేతిలో పసుపుపచ్చ పూలకొమ్మ జారి కింద పడింది.

"అయిపోయింది! వచ్చింది చాలక అరువు కూడా అడిగారు. ఈ రోజు!"

అప్పుడు తట్టింది ఖోయికి. సంవత్సరాది పండగ తెత్, మొదటి రోజు. అదీ పొద్దున్నే. కొత్త ఏడాదిలో ఆ ఇంటి గడప తొక్కిన మొట్టమొదటి మనిషి తనే! తొలి అడుగు ఎవరిదైతే ఏడాదంతా ఆ మనిషి అదృష్టమే ఇంటికి. అందుకే మంచి మనిషిని ముందే మాట్లాడి పెట్టుకుంటారు. తన ఊళ్లో అయితే పిలవనిదే పక్కింటి గేటు కూడా ముట్టుకోడు. కానీ నిన్నట్నుంచీ తొక్కి తొక్కి టైరుతో పాటు బుర్ర కూడా పంచరైంది, ఏం చేస్తాడు పాపం!

నిజానికి అతని ప్రయాణమే ఒక అడుగు కోసం. ఉప్పుమడుల ఊరు సా హుయిన్ నుంచి డానాంగ్‌కి, రెండొందల కిలోమీటర్ల దాకా. అక్కడ ఓ హోటల్లో వంటవాడి ఉద్యోగం. వాళ్లలో ఏడాదికో జంతువు పేరు ఉంటుంది, పుట్టిన ఏడాదిని బట్టి జోడీలు చూస్తారు. పెద్ద వంటాయన ఫోన్లో తేల్చి చెప్పేశాడు. "పండగ రెండో రోజు మధ్యాహ్నం వంటగది తెరుస్తాం. నువ్వు పులి ఏడాదిలో పుట్టావు, నాది గుర్రం. జోడీ కుదిరింది. మొదటి అడుగు నీదే పడాలి. ఆలస్యమైతే ఇంకో పులిని చూసుకుంటా." బస్సు టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇంట్లో మిగిలింది సైకిలొక్కటే.

లోపల్నుంచి ఆ అమ్మాయి తల్లి వచ్చింది. కొత్త బట్టలు, మొహం నిండా చిరునవ్వు. ఖోయిని చూడగానే చిరునవ్వు అక్కడే బిగుసుకుపోయింది.

"బాబూ, నీది ఏ ఏడాది?"

"పులి, పిన్నీ."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "నాది కోతి."

పులికీ కోతికీ ఎంత మాత్రం పొసగదని ఆ దేశంలో పాలుతాగే పిల్లాడిక్కూడా తెలుసు. పైగా ఈ ఏడే పులి ఏడు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

పక్కగదిలో నిండు గర్భిణి ఒకామె పడక్కుర్చీలో ఉంది. ఈ ఇంటి కోడలు. ఆమెకి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే ముగ్గురు బిడ్డల తండ్రి, ఆరోగ్యంగా బలంగా ఉన్న మేనమామని తొలి అడుగుకి పిలుచుకున్నారు. ఆయన ఏడింటికి రావాలి. ఈలోగా ఊడిపడ్డాడు ఈ మహానుభావుడు. పెళ్లి కాలేదు, ఉద్యోగం ఇంకా చేతికి రాలేదు, వట్టిచేతులు, చివరికి సైకిల్లో గాలి కూడా లేదు!

అయినా తల్లి ఒక్కమాట అనలేదు. అనకూడదు మరి. పండగ మూడు రోజుల్లో నోట చెడ్డమాట వచ్చిందా, ఏడాదంతా అదే. పళ్లబిగువున నవ్వుతూ పండగ డబ్బులున్న ఎర్ర కవరు ఒకటి చేతిలో పెట్టింది. అరటాకులో చుట్టి ఉడికించిన జిగురు బియ్యపు బాన్ తెత్ ముక్కలు కోసి పెట్టింది. "తిను బాబూ" అని లోపలికెళ్లి కళ్లు తుడుచుకుంది.

కూతురు మియెన్ మాత్రం ఊరుకునే రకం కాదు. టీ కప్పు టక్కున ముందు పెట్టింది.

"మీరు నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి. దారిపొడవునా ఇన్ని ఇళ్లుండగా మా ఇల్లే వెతికి పట్టుకున్నారు చూశారా, మీ కళ్లకి దిష్టి తీయాలి!"

"మీరు... తిడుతున్నారా?"

"ఛఛ, పండగపూట ఎవరైనా తిడతారా! దీవిస్తున్నాను. ఎంత తెలివి, ఎంత తెలివి!"

అంత కోపంలోనూ ఆమె బుగ్గన సొట్ట పడింది. ఖోయి చూశాడు. చూస్తున్నాడని మియెన్ చూసింది. సొట్ట మాయమైంది.

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి "అత్తయ్యా!" అని కేక.

నెలలు ఇంకా నిండలేదు. మూడు వారాలు ముందే నొప్పులు! ఇల్లంతా ఒక్కసారిగా గందరగోళం. మియెన్ అన్నయ్య పరుగున పక్కింటి కారు తెచ్చాడు. తల్లి కోడల్ని పట్టుకుని ఎక్కించింది. ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి ఖోయి వంక చూసింది. ఆ చూపు కన్నా చెంపమీద కొట్టినా బావుండేదనిపించింది అతనికి.

కారు వెళ్లిపోయింది. పూజ గదిలో అగరొత్తులు ఆరిపోకుండా చూడటానికి మియెన్ ఒక్కతే మిగిలింది. మేనమామకి ఫోన్ చేసి సంగతి చెబితే ఆయన సగం దారిలోంచే ఆసుపత్రికి మళ్లాడు.

ఖోయి టైరుకి పట్టీ వేశాడు. మియెన్ పంపు తెచ్చి ఇచ్చింది. టైరు గట్టిపడింది.

"ఇంక బయల్దేరండి. మీ ఉద్యోగం పోతుంది."

"కబురు తెలిసేదాకా కదలను."

"మీరుంటే అక్కడ నొప్పులు తగ్గుతాయా?"

"తగ్గవు. కానీ ఇక్కడేమైందో తెలీకుండా అక్కడికెళ్లి నేను గరిటె పట్టుకోలేనండీ. నా వల్ల ఏమన్నా అయితే..."

మియెన్ గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, మధ్యలో ఆపేసింది.

"అనకండి ఆ మాట! ఇవాళ అస్సలు అనకండి." మెట్టుమీద కూర్చుంది. బయట సన్నటి చినుకు, దుమ్ము జల్లెడ పట్టినట్టు. "అసలు గేటు తీసిపెట్టింది నేనే. పూలకుండీలు సర్దుతూ మర్చిపోయాను. అమ్మకింకా తెలీదు. మిమ్మల్ని దీవిస్తున్నానే గానీ, పొద్దుట్నుంచీ నన్ను నేను దీవించుకుంటున్నాను."

"మీరు నమ్ముతారా? అడుగు, పులి, కోతి?"

"నిన్నటిదాకా నవ్వేదాన్ని. వదిన కేక విన్నాక నవ్వు రావట్లేదు. మీరో?"

"నాకు ఉద్యోగం ఇచ్చిందే ఆ నమ్మకం. నమ్మను అంటే ఎంత కృతఘ్నత!"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లనీళ్లు వచ్చాయి. ఖోయి ఏం చెయ్యాలో తెలీక బాన్ తెత్ పళ్లెం ముందుకి జరిపాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలోంచి, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నారు.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. మియెన్ చెయ్యి చాచింది గానీ తీయలేకపోయింది.

"మీరు తీయండి. నావల్ల కాదు."

ఖోయి తీశాడు. అవతల మియెన్ అన్నయ్య. నాలుగు మాటలు వినగానే ఖోయి గోడకి జారగిలబడి నేలమీద కూర్చుండిపోయాడు.

"ఏమైంది? ఏమైందండీ!"

"ఆడపిల్ల! ఇద్దరూ క్షేమం! పిల్ల ఏడుపు వినండి, వినండి!"

ఫోన్లోంచి సన్నగా, కేర్‌మని ఏడుపు. మియెన్ పోయిన ప్రాణం లేచొచ్చినట్టు అతని భుజం పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. ఖోయి కూడా అంతే. కాసేపటికి ఎవరు ఎవర్ని పట్టుకున్నారో గుర్తొచ్చి ఇద్దరూ చెరో పక్కకి గెంతారు.

ఆసుపత్రి డానాంగ్ రోడ్డు మీదే ఉంది. మియెన్ కొత్త అగరొత్తులు వెలిగించి, తన సైకిలు మీద పిల్లకి బట్టలు, వదినకి గంజి పట్టుకుని బయల్దేరింది. పక్కన ఖోయి. చినుకుల్లో ఇద్దరూ పోటీపడి తొక్కారు. మియెన్ గెలిచింది. రెండొందల కిలోమీటర్ల వీరుడు ఓడిపోయాడు, కావాలనే.

వరండాలో తల్లి గుడ్డలో చుట్టిన పాపని ఎత్తుకుని నుంచుంది. ఖోయి తలొంచుకుని దగ్గరికెళ్లాడు.

"పిన్నీ, నేను భయంతో చచ్చి..."

"ష్! మంచి మాటలే." ఆవిడ అతని తల నిమిరింది. "ఇదీ పులే. ఇంట్లోనే పులి పుట్టాక బయటి పులికి నేనెందుకు భయపడాలి! నీ అడుగు బంగారం, బాబూ." అని గొంతు తగ్గించింది. "కానీ పొద్దున నిన్ను కడుపారా తిట్టాలనుకున్నాను. పండగని మింగేశాను. అది అరగట్లేదు. మూడు రోజులు పోయాక తిడతాను, నంబరు ఇచ్చి వెళ్లు."

మియెన్ ఫోన్ తీసి నంబరు కొట్టుకుంది. ఎందుకో రెండుసార్లు సరిచూసుకుంది.

ఆ రాత్రి పెట్రోల్ బంకులో కాస్త కునుకు తీసి, మర్నాడు మధ్యాహ్నానికి ఖోయి హోటల్ వంటగది గుమ్మంలో ఉన్నాడు. పెద్ద వంటాయన నడుమ్మీద చెయ్యి పెట్టుకుని అడిగాడు.

"దారిలో ఇంకెక్కడా తొలి అడుగు పెట్టలేదు కదా?"

ఉద్యోగం పోతే పోయిందని ఖోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఒక ఇంట్లో పెట్టానండీ. అదే రోజు వాళ్లకి మనవరాలు పుట్టింది."

వంటాయన భళ్లున నవ్వాడు. "అంటే పరీక్ష చేసి చూసిన అడుగన్నమాట! రా, రా, లోపలికి."

నాలుగో రోజు సాయంత్రం ఖోయి ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది.

"పులిగారేనా? అమ్మకి మనవరాలితో తీరిక లేదట. తిట్లు నాకు అప్పజెప్పింది."

"కానివ్వండి. సిద్ధంగా ఉన్నాను."

"మీరు ఒట్టి మొద్దు! పిలవని ఇంటికి వస్తారు. వచ్చాక ఉండరు, పోతారు. పోయేటప్పుడు ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూడరు. ఆసుపత్రి గేటు దగ్గర నేనెంతసేపు నుంచున్నానో తెలుసా?"

ఖోయి కత్తి పక్కన పెట్టాడు.

"తిరిగి చూస్తే ఆగిపోతానని చూడలేదు. మియెన్, ఇన్ని ఉల్లిపాయలు తరిగినా నువ్వే గుర్తొస్తున్నావు. నాకు నువ్వంటే ఇష్టం. ఊరికే ఇష్టం కాదు, చాలా ఇష్టం."

అవతల్నుంచి చాలా చిన్నగా, "నాకూ" అని వినిపించింది. ఆ వెంటనే దూరం నుంచి తల్లి గొంతు.

"తిట్టావుటే?"

"తిట్టానమ్మా!"

"బాగా తిట్టావా?"

"చాలా బాగా!"

"అయితే ఆదివారం భోజనానికి రమ్మను. ఈసారి మేమే పిలుస్తున్నామని చెప్పు."